ఆఖరి పదిహేను నిమిషాల గురించి: హాకీ ఇండియాకు అనంతపురం నుంచి ఒక ఉత్తరం

హాకీ ఇండియా అధ్యక్షులు దిలీప్ టిర్కీ గారికి, సెలక్షన్ కమిటీ సభ్యులకు, పురుషుల జట్టు కోచ్ క్రెయిగ్ ఫుల్టన్ గారికి,

నమస్కారం.

నాది అనంతపురం. ఇక్కడ చిన్న జిరాక్స్ షాపు నడుపుకుంటున్నాను. స్కూల్లో, కాలేజీలో హాకీ ఆడాను, రైట్ హాఫ్. జిల్లా జట్టు వరకు వెళ్లి అక్కడితో ఆగిపోయాను. గ్రౌండుకు పోవడం మాత్రం మానలేదు. వారానికి నాలుగు రోజులు పొద్దున్నే ఇరవై మంది దాకా పిల్లలు వస్తారు. నాకు తెలిసింది వాళ్లకు చెబుతాను. షాపు తెరిచే వేళకు కాళ్లకున్న ఎర్రమట్టి కడుక్కుని వచ్చి కూర్చుంటాను.

మొన్న డిసెంబరు 10 సాయంత్రం చెన్నైలో జూనియర్ ప్రపంచకప్ కాంస్యం మ్యాచ్ జరుగుతోంది. మన కుర్రాళ్లకు, అర్జెంటీనాకు మధ్య. షాపులో ఏ4 కాగితాల కట్టకు ఫోను ఆనించి పెట్టాను. మా పిల్లలు ముగ్గురు కౌంటర్ లోపలికి వచ్చి నిలబడ్డారు. పదిహేనేసి నిమిషాల నాలుగు క్వార్టర్లలో మూడు అయ్యేసరికి మనం 0-2తో వెనకబడ్డాం. అప్పుడు వాళ్లలో చిన్నవాడు నన్నడిగాడు: "సార్, మనోళ్లు ఎప్పుడూ లాస్టులోనే యాల పోతారు సార్?"

వాడికి నేను జవాబు చెప్పేలోపే ఆట తిరిగింది. 49వ నిమిషంలో అంకిత్ పాల్, 52లో మన్మీత్ సింగ్, 57లో శారదానంద్ తివారీ, 58లో అన్‌మోల్ ఎక్కా. నాలుగు గోల్స్, నాలుగూ చివరి క్వార్టర్లోనే. 4-2. ప్రింటర్లో ఎవరిదో ప్రాజెక్ట్ రిపోర్టు సగంలో ఆగిపోయి ఉంది. ఆ కాగితాల కోసం వచ్చిన అమ్మాయి కూడా తొందరపెట్టడం మానేసి మాతోపాటు ఫోనులోకి చూస్తూ నిలబడింది.

పిల్లలు కేకలు వేసుకుంటూ ఇళ్లకు పోయారు. వాడడిగిన ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఆ రాత్రి కూర్చుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఈ ఏడాది (2025) జూన్‌లో సీనియర్ జట్టు ప్రో లీగ్, అంటే పెద్ద జట్ల అంతర్జాతీయ లీగ్ ఆడటానికి యూరప్ వెళ్లింది. నెదర్లాండ్స్ చేతిలో 1-2, 2-3. అర్జెంటీనా చేతిలో 3-4, 1-2. ఆస్ట్రేలియా చేతిలో 2-3, మళ్లీ 2-3. బెల్జియం చేతిలో 3-6. వరసగా ఏడు ఓటములు. ఆఖరి మ్యాచ్‌లో బెల్జియం మీద 4-3తో గెలిచి ఊపిరి పీల్చుకున్నాం. తొమ్మిది జట్లున్న లీగ్‌లో ఎనిమిదో స్థానం దక్కింది. ఆ స్కోర్లు మీకు కంఠతా వచ్చి ఉంటాయి, అయినా మళ్లీ ఒకసారి చూడమని అడుగుతున్నాను. ఏడింటిలో ఆరు మ్యాచ్‌లు ఒక్క గోల్ తేడాతో పోయాయి. ఒక్క గోల్! ఆ జట్లతో మనం సరిసమానంగా ఆడుతున్నామనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? నెదర్లాండ్స్‌తో మొదటి మ్యాచ్ ఆ రోజు చూసినవాళ్లకు ఇంకా గుర్తుంటుంది. ముందు గోల్ కొట్టింది మనమే. చివరి నిమిషాల దాకా 1-1. ఇక డ్రా అయ్యి షూటౌట్‌కు పోతుందనుకుంటున్నప్పుడు రెండో గోల్ పడింది.

ఆటలో మనం తక్కువ కాదు. ఆఖరి క్వార్టర్లో మాత్రం ఎవరు ఆటను చేతిలోకి తీసుకోవాలన్నది తేలడం లేదు. నా ఉత్తరం మొత్తం ఈ ఒక్క విషయం గురించే.

మట్టి గ్రౌండులో ఆడినా, టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మీద ఆడినా ఆఖరి పది నిమిషాల్లో జరిగేది ఒకటే. కాళ్లు బరువెక్కుతాయి. బంతి మన దగ్గరున్నా మనసు గోల్ పోస్టు వైపే లాగుతుంది. పక్కనున్నవాడికి మెల్లగా ఇచ్చి, మళ్లీ తీసుకుని, ఆటను నెమ్మది చేయాల్సిన చోట ఎవడో ఒకడు కంగారుపడి బంతిని దూరంగా కొట్టేస్తాడు. అది నేరుగా ఎదుటివాడి స్టిక్కు మీదకు పోతుంది. వాడు తిరిగి వస్తాడు, మనవాడి కాలికి బంతి తగులుతుంది, పెనాల్టీ కార్నర్, అంటే మన గోల్ ముందు నుంచి వాళ్లకు నేరుగా కొట్టే అవకాశం. లేదంటే ఆలస్యంగా స్టిక్కు పెట్టి కార్డు తెచ్చుకుంటాం. గ్రీన్ కార్డయితే రెండు నిమిషాలు, ఎల్లో అయితే కనీసం ఐదు నిమిషాలు పది మందితో ఆడాలి. ఒక గోల్ ఆధిక్యం ఉన్నప్పుడు ఐదు నిమిషాలంటే ఎంతసేపో ఆడినవాళ్లకే తెలుస్తుంది. టిర్కీ గారూ, దేశం కోసం డిఫెన్స్‌లో 400కు పైగా మ్యాచ్‌లు ఆడిన మీకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు. అప్పుడు కావలసింది ఒక గొంతు. "ఆగు. నాకివ్వు. తొందరపడకు" అని చెప్పే గొంతు.

ఏళ్ల తరబడి ఆ గొంతు మన గోల్‌కీపర్ శ్రీజేష్‌ది. పారిస్ ఒలింపిక్స్ తర్వాత ఆయన తప్పుకున్నప్పుడు 16వ నంబరు జెర్సీని సీనియర్ జట్టులో ఇంకెవరికీ ఇవ్వబోమని మీరు ప్రకటించారు. చాలా మంచి పని చేశారు. కృషన్ పాఠక్, సూరజ్ కర్కేరా గోల్స్ ఆపడంలో తక్కువవాళ్లు కాదు, ఆ విషయంలో నాకు దిగులు లేదు. గోల్‌కీపర్‌కు గ్రౌండంతా ఎదురుగా కనిపిస్తుంది. ఎవడు ఖాళీగా ఉన్నాడో, ఎవడిని ఎవరు పట్టుకోవాలో అరవై నిమిషాలూ అరిచి చెప్పే పని శ్రీజేష్ చేసేవాడు. జట్టు పోగొట్టుకున్నది ఆ అరుపును. దాన్ని ఇప్పుడు ఎవరు మోయాలో మీరు ఎవరికీ అప్పజెప్పినట్టు మాకు కనిపించడం లేదు. దాంతో అదీ వెళ్లి కెప్టెన్ మీదే పడింది.

కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్ మీద ఇప్పటికే ఎంత బరువుందో చూడండి. పారిస్‌లో మనం కొట్టిన గోల్స్ 15. అందులో 10 అతనివే. టోర్నీ మొత్తంలో ఎక్కువ గోల్స్ కొట్టింది అతనే. అతను ఫార్వర్డ్ కాదు, డిఫెండర్. అక్కడ వెనక ఎదుటి జట్టు ఫార్వర్డ్‌ను ఆపుతాడు. ఇక్కడ పెనాల్టీ కార్నర్ రాగానే ముందుకు నడుచుకుంటూ వస్తాడు. గోల్ లైను మీద నుంచి ఒకడు బంతిని బయటకు తోస్తాడు, డీ (గోల్ ముందు గీసిన అర్ధవృత్తం) అంచున ఒకడు దాన్ని ఆపుతాడు. ఆగిన ఆ క్షణంలోనే హర్మన్‌ప్రీత్ నడుము బాగా వంచి, బంతిని స్టిక్కు మీద ఈడ్చుకుంటూ ఒళ్లంతా తిప్పి వదలాలి. అటు నుంచి ఫస్ట్ రషర్, అంటే అడ్డుకోవడానికి అందరికంటే ముందు పరిగెత్తేవాడు, నేరుగా అతని మీదకే ఉరికి వస్తుంటాడు. మామూలుగా కొట్టిన మొదటి దెబ్బయితే గోల్ అడుగున ఉండే బోర్డు ఎత్తు దాటకూడదు. ఇలా ఈడ్చి వదిలే ఫ్లిక్‌కు ఆ కట్టుబాటు లేదు, అందుకే దానికంత విలువ. అది అయ్యాక మళ్లీ వెనక్కి పరుగు. మధ్యలో అంపైర్‌తో మాట్లాడాలి, వీడియో రిఫరల్ తీసుకోవాలా వద్దా తేల్చాలి, తప్పు చేసిన కుర్రాడిని ఓదార్చాలి. మా వైపు విత్తనమేసే కాలంలో గొర్రుకు రెండెద్దులను కడతాం. ఎంత బలమైన ఎద్దయినా ఒక్కదాన్ని కట్టి చాలు మొత్తం లాగమని ఎవరూ అనరు.

జూన్‌లో వేలికి దెబ్బ తగిలి హర్మన్‌ప్రీత్ కొన్ని మ్యాచ్‌లకు దూరమైనప్పుడు మిడ్‌ఫీల్డర్ హార్దిక్ సింగ్ జట్టును నడిపించాడు. ఆ మ్యాచ్‌లూ ఓడిపోయాం కాబట్టి అతని నాయకత్వం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నేను మాట్లాడదలచుకున్నాను.

సూటిగా చెబుతాను. వచ్చే ప్రపంచకప్‌కు కెప్టెన్సీ హార్దిక్‌కు ఇవ్వండి.

హర్మన్‌ప్రీత్ మంచి కెప్టెన్ కాడని కాదు. మూడుసార్లు ప్రపంచ ఉత్తమ ఆటగాడిగా ఎంపికైనవాడు, ఖేల్‌రత్న అందుకున్నవాడు, కెప్టెన్‌గా ఒలింపిక్ కాంస్యం, ఆసియా క్రీడల స్వర్ణం, ఆసియా కప్ తెచ్చినవాడు. అతని మీద మాకున్న ప్రేమ మీకు చెప్పనక్కర్లేదు. మా పిల్లల్లో సగం మంది ఫ్లిక్ కొట్టేముందు అతనిలాగే రెండడుగులు వెనక్కి వేసి నిలబడతారు. కానీ ఆఖరి క్వార్టర్లో ఆటను నెమ్మది చేయాలన్నా, వేగం పెంచాలన్నా అది గ్రౌండు నడిమధ్యనే జరుగుతుంది. హార్దిక్ ఆడేది అక్కడ. బంతి ఎక్కువసార్లు చేతులు మారేది అతని దగ్గరే. వెనక డిఫెన్స్, ముందు ఫార్వర్డ్‌లు, రెండూ అతనికి అందుబాటులో ఉంటాయి. ఇటు హర్మన్‌ప్రీత్‌కు ఫ్లిక్, డిఫెన్స్ ఈ రెండే పనులు మిగిలితే అతని ఆటా ఇంకా పదునెక్కుతుంది.

ఒలింపిక్ పతకం తెచ్చిన కెప్టెన్‌ను మారుస్తారా అని అడిగేవాళ్లుంటారు. మనం ఒకసారి మార్చాం కదా! టోక్యోలో 41 ఏళ్ల తర్వాత పతకం తెచ్చిన జట్టుకు కెప్టెన్ మన్‌ప్రీత్ సింగ్. తర్వాత ఆ బాధ్యత హర్మన్‌ప్రీత్‌కు వెళ్లింది. మన్‌ప్రీత్ అలగలేదు, ఆడుతూనే ఉన్నాడు. పారిస్ క్వార్టర్ ఫైనల్లో బ్రిటన్ మీద 17వ నిమిషంలోనే అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు పడింది. మిగిలిన 40కి పైగా నిమిషాలు పది మందితో ఆడాలి. అప్పుడు మిడ్‌ఫీల్డ్‌లో ఉండే మన్‌ప్రీత్ వెనక్కి వచ్చి రోహిదాస్ ఖాళీ చేసిన చోట నిలబడ్డాడు. 1-1తో ఆట ముగిసి షూటౌట్‌లో 4-2తో గెలిచాం. ఆ రోజు మన జట్టులో ఒక కెప్టెన్ కాదు, నలుగురైదుగురు కెప్టెన్లు కనిపించారు. వెనక శ్రీజేష్, అతని ముందు హర్మన్‌ప్రీత్, మన్‌ప్రీత్, మధ్యలో హార్దిక్. ఎవరి చోట వాళ్లు జట్టును సర్దుకున్నారు. నేను అడుగుతున్నది ఆ రోజు అనుకోకుండా జరిగినదాన్ని ఇప్పుడు కావాలని తయారు చేయమని.

పూర్తిగా మార్చడం ఇష్టం లేకపోతే ఇద్దరినీ కెప్టెన్లను చేయండి. టోక్యోలో ఆస్ట్రేలియాకు ఎడ్డీ ఒకెండెన్, ఆరన్ జలెవ్‌స్కీ ఇద్దరూ కో-కెప్టెన్లుగా ఆడి రజతం తెచ్చారు. పేరు ఏదైనా కానీ, గోల్‌కీపర్ నుంచి ఫార్వర్డ్‌ల దాకా ప్రతి వరసలో ఒకడికి ఆ వరస బాధ్యత అప్పజెప్పి, అది అందరికీ తెలిసేలా చేయండి.

బరువు పంచుకుంటే ఏం జరుగుతుందో మనవాళ్లే ఆగస్టు, సెప్టెంబరుల్లో చూపించారు. రాజ్‌గిర్‌లో ఆసియా కప్ మొదటి మ్యాచ్ చైనాతో. 4-3తో గట్టెక్కాం. హర్మన్‌ప్రీత్ హ్యాట్రిక్, జుగ్‌రాజ్ ఇంకోటి, నాలుగూ పెనాల్టీ కార్నర్ల నుంచి వచ్చినవే. గెలిచాం గానీ గుండెలు చిక్కబట్టుకుని చూశాం. అదే ఫైనల్లో కొరియా మీద ఏం జరిగింది? మ్యాచ్ మొదలైన మొదటి నిమిషంలోనే సుఖ్‌జీత్ గోల్ కొట్టాడు. దిల్‌ప్రీత్ రెండు, రోహిదాస్ ఒకటి. 4-1. స్కోరు పట్టికలో హర్మన్‌ప్రీత్ పేరే లేదు, అయినా ఆ మ్యాచ్ ఎంతో నిశ్చింతగా చూశాం. ప్రపంచకప్‌కు నేరుగా అర్హత వచ్చింది కూడా ఆ గెలుపుతోనే.

ఇక ఆ ప్రపంచకప్ గురించి. 2026 ఆగస్టు రెండో సగంలో నెదర్లాండ్స్, బెల్జియంలలో జరుగుతుంది. అది ముగిసిన మూడు వారాలకే జపాన్‌లో ఆసియా క్రీడలు మొదలవుతాయి. అక్కడ స్వర్ణం గెలిస్తే 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కు నేరుగా టికెట్టు. ప్రపంచకప్ మనం గెలిచింది ఒక్కసారే, 1975లో కౌలాలంపూర్‌లో, అజిత్‌పాల్ సింగ్ కెప్టెన్సీలో, పాకిస్తాన్ మీద 2-1తో. ఈ ఏడాదికి సరిగ్గా యాభై ఏళ్లు. ఆ తర్వాత ఒక్కసారి కూడా సెమీ ఫైనల్ గడప తొక్కలేదు. మా నాన్నగారు ఆ ఫైనల్ గురించి రేడియోలో విన్నది విన్నట్టు చెప్పేవారు, నేను మా పిల్లలకు చెబుతున్నాను. 2023లో మన దేశంలోనే, ఒడిశాలోనే జరిగితే తొమ్మిదో స్థానంతో సరిపెట్టుకున్నాం. ఆ బాధ మర్చిపోయేది కాదు.

రెండు పెద్ద టోర్నీల మధ్య మూడు వారాలే ఉన్నాయంటే ఒకే పద్దెనిమిది మందిని నమ్ముకుని రెండింటికీ వెళ్లలేం. కాబట్టి కుర్రాళ్ల మాట.

జూనియర్ జట్టు సెమీస్‌లో జర్మనీ చేతిలో 1-5తో ఓడింది. ఆ మ్యాచ్ చూసి అంతా అయిపోయిందనుకున్నవాళ్లు చాలామంది. నాకు మాత్రం దానికి ముందు బెల్జియంతో క్వార్టర్స్, తర్వాత అర్జెంటీనాతో కాంస్యం మ్యాచ్, ఈ రెండూ ముఖ్యం. బెల్జియంతో 2-2 అయ్యి షూటౌట్‌కు వెళితే గోల్‌కీపర్ ప్రిన్స్‌దీప్ సింగ్ నిలబడిన తీరు చూశారు కదా. వెనక బెంచీ మీద కోచ్‌గా కూర్చున్నది శ్రీజేష్. ఆ గొంతు ఎక్కడికి పోయిందో నాకు అక్కడ తెలిసింది. ప్రిన్స్‌దీప్‌ను సీనియర్ క్యాంపుకు పిలిచి పాఠక్, కర్కేరాల పక్కన నిలబెట్టండి. మూడో గోల్‌కీపర్‌గా సామాన్లు మోయించడానికి కాదు, మ్యాచ్‌లు ఇవ్వడానికి. శారదానంద్ తివారీ పెనాల్టీ స్ట్రోక్ దగ్గరికి నడిచే తీరులో తడబాటు లేదు. అన్‌మోల్ ఎక్కా డిఫెన్స్‌లో నిలుస్తాడు, ఫ్లిక్ కూడా కొడతాడు. హర్మన్‌ప్రీత్, జుగ్‌రాజ్‌ల తర్వాత ఫ్లిక్ ఎవరు అన్న ప్రశ్నకు జవాబు అక్కడ ఉంది. ఫార్వర్డ్‌లలో అరైజీత్ సింగ్ హుందల్‌ను ఎప్పటినుంచో చూస్తున్నాం. 2024 జూనియర్ ఆసియా కప్ ఫైనల్లో పాకిస్తాన్ మీద ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు. ఇలాంటి పిల్లలకు సీనియర్ మ్యాచ్‌లో ఆఖరి క్వార్టర్ అప్పజెప్పండి. మొదటి క్వార్టర్లో ఐదు నిమిషాలు తిప్పి మళ్లీ బెంచీ మీద కూర్చోబెడితే వాళ్లు నేర్చుకునేది తక్కువ. నవంబరులో అజ్లాన్ షా కప్‌కు సంజయ్ కెప్టెన్సీలో కొత్త జట్టును పంపారు. ఫైనల్లో బెల్జియం చేతిలో 0-1తో ఓడినా అది మంచి నిర్ణయం. అలాంటివి ఇంకా కావాలి.

ఆటలేని రోజుల గురించి ఒక మాట. క్రికెట్‌లోలాగే మనకూ సీజను, సెలవులు అని ఖచ్చితంగా లేవు. జనవరిలో హాకీ ఇండియా లీగ్, అది అయ్యాక ప్రో లీగ్, మధ్యలో బెంగళూరు శాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో క్యాంపు మీద క్యాంపు. ఫిట్‌నెస్‌లో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు, అది ఆ క్యాంపుల పుణ్యమే. కానీ తొమ్మిది నెలలు ఒకే హాస్టల్లో, ఒకే కోచ్ చెప్పింది చేస్తూ పోతే నిర్ణయం తీసుకోవడం ఎప్పుడు అలవాటవుతుంది? ఈ ఖాళీలో క్యాంపు రోజులు కొన్ని తగ్గించి ఆ రోజులు మ్యాచ్‌లకు ఇవ్వండి. రాష్ట్రాల జట్లకు, డిపార్ట్‌మెంట్ జట్లకు ఆడమని పంపండి. జాతీయ పోటీలను ఏ, బీ, సీ డివిజన్లుగా మార్చి, గెలిస్తే పైకి, ఓడితే కిందికి అనే పద్ధతి తెచ్చారు. అందుకు మీకు కృతజ్ఞతలు. ఓడితే కింది డివిజన్‌కు పోతామన్న టెన్షన్ ఉన్న మ్యాచ్‌లో ఆఖరి పది నిమిషాలు ఆడటం ఏ క్యాంపులోనూ నేర్పలేరు. ఇండియా ఆటగాడు ఆ మ్యాచ్‌లో తన రాష్ట్రానికి కెప్టెన్‌గా ఉంటే ఇంకా మంచిది.

క్యాంపులో మాత్రం ఒక పని చేయండని ఫుల్టన్ గారిని అడుగుతున్నాను. వారానికి ఒక ప్రాక్టీస్ మ్యాచ్ 45వ నిమిషం నుంచి మొదలుపెట్టండి. ముందు పిల్లలను బాగా పరిగెత్తించి అలసిపోనివ్వండి. స్కోరు 2-1 అనుకుని ఒక జట్టును ఆధిక్యంలో పెట్టండి. ఒకడికి ఎల్లో కార్డు ఇచ్చి బయట కూర్చోబెట్టండి. కోచ్‌లు నోరు మెదపకూడదు. ఎవడు ముందుగా గొంతు ఎత్తి జట్టును సర్దుతాడో అప్పుడు తెలుస్తుంది. మా గ్రౌండులో నేను ఇది చేస్తాను. అలా ఆడించినప్పుడే మా సెంటర్ హాఫ్ కుర్రాడు బయటపడ్డాడు. మామూలుగా నోట్లో మాట రాని పిల్లోడు. ఆ పదిహేను నిమిషాల్లో మాత్రం పెద్దవాళ్లను కూడా పేరు పెట్టి పిలిచి ఎక్కడ నిలబడాలో చెబుతాడు.

వాడి గురించే ఇంకో విషయం చెప్పాలి. పోయినేడు వాడిని ఒక సెలక్షన్‌కు తీసుకెళ్లాను. నాలుగు గంటలు ఎండలో కూర్చున్నాం. వాడికి గ్రౌండులో దొరికింది ఏడెనిమిది నిమిషాలు. బంతి నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ శుభ్రంగా ఆపి పక్కవాడికి ఇచ్చాడు. సెంటర్ హాఫ్ చేయాల్సింది అదే. గోల్ కొట్టినవాళ్ల పేర్లు రాసుకున్నారు, వాడి పేరు రాసుకోలేదు. తిరుగు బస్సులో వాడు ఒక్క మాట మాట్లాడలేదు. నాకూ ఏం చెప్పాలో తోచలేదు. రేపు హార్దిక్ తర్వాత ఎవరు అని మీరు వెతికేటప్పుడు ఇలాంటి పిల్లలు ఏడు నిమిషాల ట్రయల్‌లో కనిపించరు. మూడు మ్యాచ్‌లు పూర్తిగా చూస్తే కనిపిస్తారు.

టిర్కీ గారూ, మీ సుందర్‌గఢ్ సంగతి మీకు తెలుసు. పల్లెల్లో వెదురు కర్రలతో ఆడుకున్న పిల్లల నుంచి మీరు, లాజరస్ బార్లా, బీరేంద్ర లాక్రా, ఇప్పుడు రోహిదాస్ వచ్చారు. హాస్టళ్లు పెట్టారు, టర్ఫ్‌లు వేశారు, రూర్కెలాలో అంత పెద్ద స్టేడియం కట్టారు. రాయలసీమలోనూ ఆ గింజ ఉంది. ఎర్రావారిపాలెం మండలంలోని ఒక పల్లె నుంచి ఎతిమరపు రజని వచ్చింది. మన మహిళల జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడింది. 2022 కామన్‌వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉంది. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన హాకీ5స్ (ఐదుగురేసి ఆడే హాకీ) ప్రపంచకప్‌కు ఇండియా కెప్టెన్ కూడా ఆమే, రజతంతో తిరిగొచ్చింది. మా గ్రౌండుకు వచ్చే ఆడపిల్లలు ఆరుగురు. వాళ్లకు నేను మొదట చెప్పేది ఆమె పేరే.

మా పిల్లలు ఎలా ఆడతారో చెబుతాను. టర్ఫ్ మీద బంతి నేలకు అంటుకుని జారుతుంది. మట్టి మీద రాయి తగిలి మోకాలి ఎత్తుకు లేస్తుంది. మట్టి మీద నేర్చుకున్నవాడికి టర్ఫ్ మీద మొదటి రోజు బంతి ఆపడమే రాదు, స్టిక్కు కింద నుంచి జారిపోతుంది. అందుకని ఎన్నికలప్పుడు కట్టిన పాత ఫ్లెక్సులు తెచ్చుకున్నాం. రెండు ఫ్లెక్సులు కలిపి కుట్టి, నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, బిందెతో నీళ్లు చల్లుతాం. ఆ తడి మీద బంతి సర్రున వస్తుంది. ఒక్కొక్కరు వంగి, స్టిక్కు నేలకు ఆనించి ఇరవైసార్లు ఆపాలి. పెనాల్టీ కార్నర్‌కు బంతి ఆపేవాడిని తయారుచేసేది ఆ ఫ్లెక్సు మీదే. ఓ మోస్తరు స్టిక్కు కొనాలంటే రెండు వేలు. మా దగ్గర పదకొండే ఉన్నాయి, వంతులు వేసుకుంటాం.

2024 సెప్టెంబరులో మా ఊరి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానంలో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు జరిగాయి. శ్రేయస్ అయ్యర్, ఇషాన్ కిషన్ లాంటి వాళ్లు అనంతపురంలో ఆడుతుంటే పల్లెల నుంచి ట్రాక్టర్లలో, ఆటోల్లో జనం వచ్చారు. ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఏ సందులో చూసినా క్రికెటే. ఒక్కసారి కళ్లతో చూస్తే పిల్లల్లో ఏం జరుగుతుందో అప్పుడు చూశాను. హాకీ వాళ్లు కూడా ఒకసారి ఇటు రావాలి. ఈ ఏడాది జూనియర్ మహిళల జాతీయ పోటీలు కాకినాడకు ఇచ్చారు, సంతోషం. తర్వాతి వంతు సీమకు ఇవ్వండి. హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ అని మన జట్టు ఉంది, తన మొదటి సీజనులో ఫైనల్ దాకా వెళ్లి బెంగాల్ చేతిలో 3-4తో ఓడింది. ఆ సీజను మ్యాచ్‌లు హైదరాబాద్‌లో జరగలేదు. సొంత జట్టును సొంత గడ్డ మీద చూసే భాగ్యం తెలుగువాళ్లకూ కలిగించండి.

ఇవన్నీ ఒక్క రోజులో అయ్యేవి కావని తెలుసు. కెప్టెన్సీ మీద, ఆఖరి క్వార్టర్ మీద మాత్రం ఇప్పుడే ఆలోచించండి. ఆగస్టుకు ఎనిమిది నెలలే ఉంది.

ఇంకొక్కటి అడగాలని ఉంది. మీ క్యాంపు జరిగే బెంగళూరు నుంచి అనంతపురం రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు, హైవే మీద నాలుగు గంటల ప్రయాణం. క్యాంపులో సెలవిచ్చిన ఒక ఆదివారం ఎవరైనా ఒక ఆటగాడిని, లేదా సెలెక్టర్లలో ఒకరిని ఇటు పంపండి. సన్మానాలు, స్టేజీలు ఏమీ పెట్టం. పొద్దున ఆరున్నరకల్లా ఫ్లెక్సు పరిచి తడిపి ఉంచుతాం. మా సెంటర్ హాఫ్ ఆడేది ఒక మ్యాచ్ మొదటి నుంచి చివరి దాకా చూడండి.

ఇట్లు,
అనంతపురం నుంచి ఒక హాకీ అభిమాని
డిసెంబరు 2025